అశోక్‌నగర్ ఆసనసిద్ధులు

నారాయణగూడ చౌరస్తా నుండి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ చౌరస్తా వరకు సాగు రహదారికిని ఇందిరా పార్కు ప్రహరీకిని నడుమ, తొందర లేని మనిషి సైతము అరగంటలో ఈ కొస నుండి ఆ కొసకు నడిచిపోగల మేరలో, తెలుగునాట మరెచ్చటను ఇంత దట్టముగా కానరాని వృత్తి యొకటి వర్ధిల్లుచున్నది. అది కూర్చుండు వృత్తి. ఆదిలాబాదు నుండియు, నల్లగొండ నుండియు, పాలమూరు నుండియు, ఖమ్మము నుండియు డిగ్రీ పట్టాలు చేతబట్టుకొని వచ్చిన యువతీయువకులు ఇచ్చటి హాస్టళ్లలో మంచమొకటియు, రీడింగ్ హాలులో కుర్చీ యొకటియు అద్దెకు దీసికొని, గ్రూప్–1, గ్రూప్–2, పోలీసు, ఉపాధ్యాయ నియామక పరీక్షలకై అహోరాత్రములు చదువుచుందురు. కుర్చీకి అద్దె కట్టు స్తోమతు లేనివారికి చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున్నది. లోపల చోటు చాలనివారు దాని ఆవరణలోని చెట్ల నీడలను, మెట్లను ఆశ్రయింతురు.

ఈ చదువరుల నడుమ చెల్లుబడి యగు న్యాయమొకటి చూడదగినది. ప్రొద్దున ముందుగా వచ్చినవాడు కుర్చీపై దస్తీ పరచును. దస్తీ లేనిచో లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకమునో, నీళ్ల సీసానో యుంచును. అంతటితో ఆ స్థలముపై అతని హక్కు స్థిరపడును గాని ఆ హక్కునకు గడువున్నది. “అన్నా, గీడ ఎవరన్న ఉన్నరా?” యని యడిగినవానికి “ఉన్నడు తమ్మీ, చాయ్‌కి వోయిండు” అను సమాధానము కొన్ని నిమిషముల వరకే చెల్లును, అరగంట దాటెనా, దస్తీ ప్రక్కకు జరుగును, క్రొత్తవాడు కూర్చుండును, దానిపై కలహించుట మర్యాద కాదు. కావున లేచుట యనగా నష్టపడుట. రాత్రి హాస్టలు గదిలో ఒకరినొకరు అడుగుకొనునది కూడ ఏమి చదివితివని కాదు, ఎన్ని గంటలు కూర్చుంటివని. “ఇయ్యాల పన్నెండు గంటలు కూసున్ననే” యని చెప్పువాని కంఠమున ఆనాటికి తృప్తి ధ్వనించును.

నిశ్చలత్వమునకు ఇంతటి ప్రతిఫలమున్న చోట శరీరమున కేమగుచున్నదో విచారింపవలసియున్నది. కూర్చుండుట వలన రోగములు పుట్టునను సంగతి నేటి పాశ్చాత్యులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. చరకుడు ప్రమేహమునకు కారణములు చెప్పుచు ఆసనసుఖమును, నిద్రాసుఖమును, పెరుగును, క్రొత్త ధాన్యమును, బెల్లపు వంటకములను ఒకే వరుసలో చేర్చెను. సుశ్రుతుడు చికిత్స విధించుచు, ధనమును బంధువులును లేని రోగి చెప్పులును గొడుగును విడిచి, గ్రామమున కొక్క రాత్రి చొప్పున మాత్రమే నిలుచుచు, నూరు యోజనములో అంతకు మించియో నడువవలెననెను. అది కాదేని నూతులు త్రవ్వవలెననెను. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో ప్రకటించిన వృత్తిరోగముల గ్రంథమున దర్జీలు, చెప్పులు కుట్టువారు మున్నగు కూర్చుండి పనిచేయువారి బాధలకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమును కేటాయించి, సెలవు దినములలోనైనను వ్యాయామము చేయుడని వారిని హెచ్చరించెను.

అయితే చరకుడు చెప్పిన ఆసనసుఖము సంపన్నుని సుఖము. అశోక్‌నగర్ ప్లాస్టిక్ కుర్చీలో సుఖమెక్కడిది? పొలము కౌలుకిచ్చి తండ్రి పంపిన సొమ్ముతో, వయోపరిమితిని వ్రేళ్లపై లెక్కించుకొనుచు, ఊరికి పోయినచో చుట్టాలు అడుగు ప్రశ్నకు జడిసి పండుగలకు సైతము పోక కూర్చున్నవానిని సోమరియని ఎవడనగలడు? ఊరిలో దినమెల్ల అరుగుపై గడుపువాని కంటె ఇతడు వేయిరెట్లు శ్రమజీవి. కాని దేహము కూర్చున్నవాని మనస్సును విచారింపదు. విలాసమునకై కూర్చున్నాడా, వ్యథతో కూర్చున్నాడా యను విచక్షణ దానికి లేదు. తొడ కండరమును పిక్క కండరమును ముడుచుకొనినవా లేదా యను ఒక్క సంగతియే దానికి పట్టును. కూర్చుండుటను సోమరితనముతో ముడిపెట్టి నీతులు చెప్పువారందరును ఈ చోటనే పొరబడుచున్నారని నా యభిప్రాయము.

పైగా ఇచ్చటి కూర్చుండుటను గంటలతో కొలిచినచో చాలదు. తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ తన మొదటి గ్రూప్–1 ప్రకటనను 503 ఉద్యోగములకై 2022 ఏప్రిల్‌లో వెలువరించెను. ఆ యేడు అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు బయటికి పొక్కిన కారణమున 2023 మార్చిలో అది రద్దయ్యెను. జూన్‌లో మరల జరిగెను. సెప్టెంబరులో హైకోర్టు దానిని గూడ రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చి, జూన్‌లో ప్రాథమిక పరీక్షయు అక్టోబరులో ప్రధాన పరీక్షయు జరిగెను. ఇరువదినాలుగవ యేట కుర్చీలో చేరినవాడు ఇరువదియారు నిండినను అదే కుర్చీలో అదే పాఠమును మూడవమారు తిరుగవేయుచుండెను. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో కొన్ని గంటలపాటు చేయు పరీక్ష ఇచ్చట రెండున్నర యేండ్లు సాగినది.

ఆర్టీసీ చౌరస్తాకు ఆ పేరు చెంతనున్న రోడ్డు రవాణా సంస్థ వలన వచ్చినది. 1932లో నిజాము ప్రభుత్వపు రైలు రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభించిన వ్యవస్థకు ఆ సంస్థ వారసురాలు. కూర్చుండుటకును గుండె జబ్బునకును గల సంబంధము మొట్టమొదట గణాంకములతో బయటపడినదియు బస్సులలోనే, కాకపోతే ఆ బస్సులు లండను నగరమువి. జెరెమీ మారిస్ అను వైద్యుడును అతని సహచరులును 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన యది. రవాణా సంస్థలో పనిచేయు, 35 మొదలు 64 ఏండ్ల వయస్సు గల సుమారు 31,000 మంది పురుషుల ఆరోగ్యమును వారు పరిశీలించిరి. డ్రైవరును కండక్టరును ఒకే బస్సున, ఒకే దారిన, ఒకే పొగమంచులో పనిచేయువారు; బ్రదుకుతెరువున ఇంచుమించు ఒకే తరగతివారు. భేదమొక్కటే: డ్రైవరు పనివేళ మొత్తము కూర్చుండును; కండక్టరు రెండంతస్తుల బస్సు మెట్లను దినమునకు ఐదారు వందల వరకు ఎక్కుచుండును. హృదయధమనీ వ్యాధి కండక్టర్లలో తక్కువగాను, వచ్చినను ఆలస్యముగాను, డ్రైవర్లలో కంటె తక్కువ ప్రాణాంతకముగాను కనబడెను. తపాలా శాఖలో నడిచి ఉత్తరములు పంచువారికిని బల్లల ముందు కూర్చుండు గుమాస్తాలకును నడుమ గూడ ఇట్టి భేదమే తేలెను.

మారిస్ బృందము అంతటితో సంతృప్తి చెందక తన సిద్ధాంతమునే తాను శంకించిన తీరు మిక్కిలి మెచ్చదగినది. సంస్థ తన ఉద్యోగులకు కుట్టించి యిచ్చు యూనిఫారముల కొలతల చిట్టాలు దర్జీ శాఖలో భద్రముగా నుండెను. వారు వానిని తిరుగవేసిరి. డ్రైవర్ల ప్యాంటు నడుము కొలత కండక్టర్ల కొలత కంటె హెచ్చు, అదియు చిన్న వయస్సువారిలో సైతము. అనగా మొదటినుండియు కొంత లావైనవారే డ్రైవరు పనిలో చేరుచుండిరేమో, కూర్చుండుట నిరపరాధియేమో యను సందేహము పుట్టినది. 1956లో వారు ఈ సంగతిని దాచక ప్రకటించిరి. సన్ననివారిని సన్ననివారితోను లావువారిని లావువారితోను పోల్చి చూచినను డ్రైవర్ల నష్టము పూర్తిగా తొలగిపోలేదు. అటుపిమ్మట డెబ్బది యేండ్లుగా జరుగుచున్న పరిశోధన యంతయు ఆ ప్యాంటు కొలతల చిట్టా లేవనెత్తిన ప్రశ్నకు సమాధానము వెదకుటయే. మన సిటీ బస్సు కండక్టరుకు ఎక్కవలసిన మెట్లు లేకున్నను, ఉదయము తొమ్మిది గంటల వేళ నిండుబస్సులో ముందు తలుపు నుండి వెనుక తలుపు వరకు దారి చేసికొనిపోవుట ఏ వ్యాయామమునకును తీసిపోదని ప్రయాణము చేసినవారెరుగుదురు.

మన దేశమున జరిగిన మరియొక పరిశోధనను ఇచ్చట చెప్పక తప్పదు. పోషకాహార శాస్త్రవేత్త జీన్ మేయర్, పశ్చిమ బెంగాలులోని ఒక జనపనార మిల్లులో 213 మంది పురుషుల ఆహారమును, బరువును, శ్రమను కొలిచి 1956లో ఫలితములను ప్రకటించెను. బరువులు మోయువారు ఎక్కువ తినిరి. వారి కంటె తేలిక పని చేయువారు తక్కువ తినిరి. ఇంతవరకు వింత లేదు. కాని గుమాస్తాలు, దుకాణదారులు మున్నగు కూర్చుండువారి వద్దకు వచ్చుసరికి ఆహారము ఇంకను తగ్గుటకు బదులు మరల పెరిగెను. బరువు దానితోపాటు పెరిగెను. శ్రమ ఒక మేరకు దిగువన పడిపోయినప్పుడు ఆకలికి లెక్క తప్పునని దీని తాత్పర్యము. కడుపునిండ అన్నము, పప్పు, వేపుడు, పెరుగు వడ్డించి, అడిగినంత అన్నము మారు వడ్డించు మెస్సులో మధ్యాహ్నము భుజించి, రెండు వీధుల దూరముననున్న రీడింగ్ హాలునకు వచ్చి కూర్చుండు యువకుడు తాను తినునది దేహమునకు కావలసినదే యనుకొనును. దేహము సరిగా చెప్పజాలని స్థితిలో నున్నదని అతనికి తెలియదు.

ఇక శరీరములోనికి ప్రవేశింతము. పాదముల నుండి రక్తము గుండెకు మరలుటకు, నిలుచున్న మనిషిలో, ఇంచుమించు నాలుగడుగుల యెత్తు ఎక్కవలెను. గుండె త్రోసిన బలము సూక్ష్మనాళికలు దాటుసరికి చాలవరకు వ్యయమైపోవును. అచ్చటినుండి పైకి లాగు పని పిక్కలది. పిక్క కండరము ముడుచుకొనినప్పుడెల్ల దాని నడుమనున్న లోతు సిరలను పిండును. సిరలలోని కవాటములు రక్తమును పైకి పోనిచ్చునే గాని క్రిందికి జారనీయవు. ఊరి బోరింగు పిడి ఆడించినంతసేపే నీరు పైకి వచ్చినట్లు, పిక్క ఆడినంతసేపే ఈ రక్తము చురుకుగా పైకెక్కును. కుర్చీలో కదలక కూర్చున్నప్పుడు పిక్కకు పని లేదు. మోకాటి వెనుక నాళము వంగియుండును. తొడ క్రిందిభాగము కుర్చీ అంచున ఒత్తుకొనును. రక్తము క్రింద నిలిచి, దానిలోని ద్రవము కొంచెము కొంచెముగా కణజాలములోనికి ఊరును. సాయంకాలమునకు చెప్పుల పట్టీ పాదముపై గాడి వేయుటయు, మేజోడు అంచు ముద్ర చీలమండపై చాలసేపు చెరగకుండుటయు ఈ ఊటకు గుర్తులు. రాత్రి తొమ్మిదింటికి రీడింగ్ హాలు మెట్ల మీద చెప్పులు తొడుగుకొనువారి పాదములు చూచినచో దీనికి వేరు నిదర్శనము కోరనక్కరలేదు.

రక్తము నిలిచిన చోట గడ్డకట్టు ప్రమాదమున్నది. 1940లో జర్మను విమానములు లండనుపై బాంబులు కురిపించిన రాత్రులలో వేలాది జనులు ఆశ్రయస్థానములలో కాన్వాసు పడకకుర్చీలపై కూర్చుండి తెల్లవార్చిరి. కాలి సిరలలో గడ్డలేర్పడి, అవి ఊపిరితిత్తులకు చేరి హఠాత్తుగా మరణించినవారు పెరిగిరని కీత్ సింప్సన్ అను వైద్యుడు ఆ యేడే లాన్సెట్‌లో హెచ్చరించెను. ఆరోగ్యవంతులగు యువకులలో ఇట్టిది బహు అరుదు. దీనిని భయపెట్టుటకు చెప్పలేదు. ధమనుల సంగతి మాత్రము అందరికిని సంబంధించినది. ధమని లోపలి పొర ప్రవాహపు ఒరపిడిని గ్రహించి నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును పుట్టించును. దానిచే ధమని వదులై విప్పారును. ప్రవాహము మందగించినచో ఈ నేర్పు సన్నగిల్లును. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున పన్నెండుమంది యువకులను మూడు గంటలపాటు కాళ్లు కదపనీయక కూర్చుండబెట్టి గంటగంటకు వారి తొడ ధమనిని పరీక్షించిరి. మొదటి గంటలోనే అది విప్పారు శక్తి దాదాపు సగమునకు పడిపోయెను. మరియొకనాడు వారినే గంటకొకమారు ఐదు నిమిషములు మెల్లగా నడిపించినప్పుడు ఈ క్షీణత కలుగలేదు. మూడు గంటలనగా గ్రూప్–1 ప్రధాన పరీక్షలో ఒక్క ప్రశ్నపత్రమునకు గల గడువు. ఒకనాటి నష్టము లేచి నడిచినంతనే తీరును. దినమునకు మూడు నాలుగు మార్లు చొప్పున ఏండ్ల తరబడి దాని నావృత్తి చేయుట వేరు సంగతి.

చక్కెర వ్యవహారము ఇంతకంటె సూక్ష్మమైనది. మన బరువులో నూటికి సుమారు నలుబది పాళ్లు ఎముకలను అంటియున్న కండరములే. ఇన్సులిన్ ప్రేరణచే రక్తము నుండి తొలగింపబడు గ్లూకోజులో నూటికి డెబ్బది మొదలు ఎనుబది పాళ్లు పుచ్చుకొనునవియు ఇవియే. గ్లూకోజు తనంత తాను కణములోనికి చొరజాలదు. గ్లూట్–4 అను ప్రోటీను కణపు లోతట్టు నుండి పైపొరకు వచ్చి దానికి దారి యీయవలెను. ఆ ప్రోటీనును పైకి రప్పించు మార్గములు రెండు: ఒకటి ఇన్సులిన్ ఆజ్ఞ, రెండవది కండరము ముడుచుకొనుట, దీనికి ఇన్సులిన్‌తో నిమిత్తము లేదు. నడచువానికి రెండు మార్గములును తెరచియుండును. కూర్చున్నవానికి ఒక్కటే మిగులును. భారమంతయు దానిపై పడుటచే క్లోమము ఎక్కువ ఇన్సులిన్‌ను స్రవింపవలసివచ్చును. కొవ్వు విషయమునను ఇట్టిదే జరుగును. కండరముల రక్తనాళికల గోడలపై లైపోప్రోటీన్ లైపేజ్ అను ఎంజైమ్ నిలిచి, రక్తములో తిరుగు కొవ్వును విడదీసి కండరమున కందించుచుండును. కాళ్లపై బరువు పడకుండ చేసిన ఎలుకలలో ఒక్క దినము గడవకముందే దాని చురుకుదనము గణనీయముగా పడిపోవుటను మార్క్ హామిల్టన్ బృందము 2003లో చూపెను.

మరి కొద్దిపాటి కదలికచే ప్రయోజనముండునా? ఆస్ట్రేలియాలో డేవిడ్ డన్‌స్టన్ బృందము అధిక బరువు గల పంతొమ్మిది మందికి తియ్యని పానీయమిచ్చి ఐదు గంటలు కూర్చుండబెట్టెను. ఇరువది నిమిషముల కొకమారు రెండు నిమిషములు మెల్లగా నడచిన నాడు, కదలని నాటితో పోల్చగా, వారి రక్తమున గ్లూకోజు పెరుగుదల నూటికి 24 పాళ్లు తగ్గెను. కొంచెము వడిగా నడచిన నాడు సుమారు 30 పాళ్లు తగ్గెను. 2012లో వెలువడిన ఈ ఫలితమునందు ముఖ్యమైనది నడక వేగము కాదు. మెల్లని నడకయే పనిలో అధికభాగమును చేసిపెట్టుట.

“వయస్సులో నున్నాము, మాకేమి?” యను ధీమా యువకులకు సహజము. 1966లో అమెరికాలోని డాలస్ నగరమున ఇరువదేండ్ల వయస్సు గల ఐదుగురు యువకులను మూడు వారములు మంచము దిగనీయక పరుండబెట్టిరి. శ్రమించునప్పుడు దేహము గ్రహించు ఆక్సిజన్ గరిష్ఠ పరిమాణము వారిలో నాలుగవ వంతుకు పైగా తగ్గెను. ముప్పది యేండ్ల తరువాత ఆ ఐదుగురినే పిలిచి మరల పరీక్షించిరి. ముప్పది యేండ్ల వార్ధక్యము చేసిన నష్టము ఆనాటి మూడు వారముల పడక చేసిన నష్టము కంటె తక్కువగా నుండెను! కుర్చీ మంచము కాదు, నిజమే. కాని యౌవనము నిశ్చలత్వమునకు కవచము కాదని ఆ యైదుగురు తేల్చిరి.

ఇట్టిదే మరియొక ధీమా సన్నగా నుండువారిది. పూణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫొటోను లాన్సెట్‌లో ప్రకటించుకొనిరి. ఎత్తునకు తగిన బరువును సూచించు బీఎంఐ ఇద్దరికిని 22.3. కాని యుడ్కిన్ దేహమున కొవ్వు నూటికి 9.1 పాళ్లు, యాజ్ఞిక్ దేహమున 21.2. యుడ్కిన్ మారథాన్‌లు పరుగెత్తువాడు. యాజ్ఞిక్ తన వ్యాయామము లిఫ్టు తలుపులు మూసుకొనులోపల పరుగున పోయి దానిని అందుకొనుటయేనని పరిహాసముగ వ్రాసికొనెను. మన జాతివారిలో కండరము తక్కువ, కడుపులోని కొవ్వు ఎక్కువ. గూడుకట్టిన కొవ్వు చొక్కా మాటున కానరాదు. పరీక్షలపై విసిగి కోచింగ్ మానివేసి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కొలువున చేరువారును కుర్చీని విడువరు గదా. హైదరాబాదు విశ్వవిద్యాలయపు పరిశోధకులును ఏఐజీ ఆస్పత్రి వైద్యులును ఈ నగరపు ఐటీ ఉద్యోగులలో 345 మందిని పరీక్షింపగా నూటికి 84 మంది కాలేయమున కొవ్వు పెరిగియున్నట్లు 2025లో ప్రకటించిరి.

తెల్లవారుజామున ఇందిరా పార్కులో పరుగెత్తువారును ఉన్నారు. పోలీసు ఉద్యోగార్థులకు పరుగు పరీక్ష ఎట్లును తప్పదు. వారి పరుగు పగటి కూర్చుండుటకు ప్రాయశ్చిత్తమగునా? ఉల్ఫ్ ఎకెలుండ్ బృందము పది లక్షలమందికి పైగా మనుష్యుల వివరములను క్రోడీకరించి 2016లో దీనికి సమాధానమిచ్చెను: దినమునకు ఎనిమిది గంటలకు పైగా కూర్చుండువారు అరువది మొదలు డెబ్బదియైదు నిమిషములు వడిగా నడచుట వంటి శ్రమ చేసినచో, తక్కువ కూర్చుండువారి కంటె అధికముగ మరణించుట కనబడలేదు. అంతకు తక్కువ శ్రమ చేయువారిలో నష్టము తగ్గునే గాని తొలగిపోదు. గంటకు పైగా దినదినము! పరీక్ష తేదీ వెలువడినంతనే మొదట రద్దగునది ఈ గంటయేయని అశోక్‌నగర్‌లో ఒక్క నెల యున్నవారందరు ఎరుగుదురు.

మన పెద్దలు కూర్చుండలేదా యని యడుగువారుందురు. కూర్చుండిరి, కాని పీటపైనను, చాపపైనను, ఒక్కొక్కప్పుడు గొంతుకూర్చుండియు. ఆపైన దినమున కెన్నిమారులో నేల నుండి లేచిరి. టాంజానియాలోని హడ్జా అను వేటగాండ్ర జాతివారు దినమునకు పది గంటలకు కొంచెము తక్కువగా విశ్రమింతురనియు, అనగా నగరవాసులతో ఇంచుమించు సమానముగా కదలక యుందురనియు 2020లో ఒక పరిశోధన తేల్చెను. అయినను గుండె జబ్బు సూచనలు వారిలో అత్యల్పము. వారు గొంతుకూర్చుండి, మోకరిల్లి విశ్రమింతురు. ఆ భంగిమలలో కాలి కండరములు ఎంతో కొంత పనిచేయుచునే యుండును, కుర్చీలో వలె పూర్తిగా ఊరకుండవు. నిలుచుండి పనిచేయు బల్లలు కొనుడని చెప్పు వ్యాపార ప్రకటనలను మాత్రము నమ్మనక్కరలేదు. ఆరు గంటలు కూర్చుండుటకు బదులు ఆరు గంటలు నిలుచున్నచో అధికముగ ఖర్చగు శక్తి యాబది కిలోకేలరీలకు కొంచెము పైమాట; చక్కెర వేసిన ఒక కప్పు చాయ్‌తో ఆ లాభము హరించును. నిలువుగా కదలకుండుటయు కదలకుండుటయే.

నడుము నొప్పి గూర్చి రెండు మాటలు. 1960లలో స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ వెన్ను డిస్కులలోనికి సూది చొప్పించి ఒత్తిడిని కొలిచి, నిలుచున్నప్పటి కంటె కూర్చున్నప్పుడు హెచ్చని చెప్పెను. 1999లో జర్మనీలో జరిగిన కొలతలు దానితో ఏకీభవింపలేదు. పెద్దల డిస్కునకు స్వంత రక్తనాళములు దాదాపు లేవు. దాని పోషణ చుట్టుప్రక్కల నుండి ఊరి వచ్చు ద్రవముతో జరుగును, భారము మారుచుండుట దానికి తోడ్పడును. సరియైన భంగిమ యేదియని వెదకుట కంటె ఏ భంగిమయందును చిరకాలము నిలువకుండుట మేలు.

పరీక్షార్థికి గుండెను గూర్చియు కాలేయమును గూర్చియు చెప్పినచో ముప్పది యేండ్ల తరువాత చూచుకొందుననును. అతనికి చెప్పవలసినది మెదడు సంగతి. లివర్‌పూల్‌లో పదునైదుగురు కార్యాలయోద్యోగులను నాలుగు గంటలు వరుసగా కూర్చుండబెట్టినప్పుడు మెదడునకు పోవు ముఖ్య ధమనిలో ప్రవాహము తగ్గెను. అరగంట కొకమారు రెండు నిమిషములు నడచిన నాడు తగ్గలేదు. ఇంత మాత్రముచే మార్కులు పెరుగునని నేను చెప్పజాలను గాని, లేచిన రెండు నిమిషములు చదువునకు నష్టమను లెక్క మాత్రము తప్పు. ఈ విషయమున ఆర్టీసీ చౌరస్తాలోని సినిమా హాళ్లు గ్రంథాలయముల కంటె బుద్ధిమంతులు. సంధ్యలోనైనను, సుదర్శన్‌లోనైనను, దేవిలోనైనను గంటన్నర కాకముందే విశ్రాంతి యని తెరపై పడును. వేయిమంది ఒక్కుమ్మడి లేచి బయటికి నడతురు. తిరిగి వచ్చుసరికి ఎవని సీటు వానిదే.

ఆ సీటు భరోసాయే కీలకము. గ్రంథాలయమున లేచినవాడు చోటు కోల్పోవునన్న భయమును తొలగించు మార్గములు కష్టమైనవి కావు: కుర్చీకి నెంబరు, చేతికొక చీటీ, గంటకొకమారు అందరును కలిసి లేచు ఐదు నిమిషములు. నెలసరి రుసుము కట్టించుకొను ప్రైవేటు రీడింగ్ హాళ్లలో కుర్చీ ఎట్లును అతనిదే. అచ్చట గూడ లేవనిది గంటల లెక్క పిచ్చి చేతనే. గోడ వెంబడి రొమ్మెత్తున ఒక పలక బిగించి, నిలుచుండియు అటునిటు అడుగులు వేయుచును బిట్లు వల్లెవేసికొనుటకు చోటిచ్చిన యజమానికి రెండు కుర్చీల అద్దె పోవునేమో గాని అంతకు మించి పోదు. చాయ్ దుకాణము ముందు నిలుచుండి నోటిఫికేషన్లను గూర్చి వాదించుకొను ఆ కాసేపే అనేకుల పిక్కలకు దక్కుచున్న వ్యాయామము. దానిని కాలహరణమని నిందించు లెక్చరర్లు ఆ నిందను కొంచెము తగ్గించుకొనవచ్చును.

అన్నిటికంటె చవుకైన చికిత్స భోజనానంతరపు నడక. న్యూజీలాండ్‌లో మధుమేహమున్న 41 మందిపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, దినమున ఏదో యొకవేళ అరగంట నడచుట కంటె, మూడు పూటల భోజనము కాగానే పదేసి నిమిషములు నడచుట వలన గ్లూకోజు పెరుగుదల సగటున నూటికి 12 పాళ్లును, రాత్రి భోజనానంతరము 22 పాళ్లును తక్కువగా నుండెను. మెస్సు నుండి హాస్టలునకు చుట్టుదారిన పోయినచో పది నిమిషములు సునాయాసముగా తీరును. చుట్టుదారిన పోవుటకు దారి యుండవలెను గదా! అశోక్‌నగర్ సందులలో కాలిబాట యున్న చోట మోటారుసైకిళ్లు వరుసగా నిలిచియుండును. వాని వెనుక మిర్చి బండి, దాని వెనుక జిరాక్సు దుకాణపు బోర్డు. నడచువాడు ఆటోల నడుమకు దిగవలసినదే. ఇందిరా పార్కు నుండి వీఎస్టీ వరకు ఈ పేటల నెత్తిపై రెండుంబావు కిలోమీటర్ల ఉక్కు వంతెనను 2023 ఆగస్టులో ప్రారంభించిరి. వాహనములలో కూర్చుండి పోవువారికి ఆర్టీసీ చౌరస్తా సిగ్నలు వద్ద ఆగు బాధ తప్పినది.